హఫీజ్‌పేటలో లండన్ షేర్ బజారు

నేను టీచరుగా చేరిన రోజుల్లో హఫీజ్‌పేట స్టేషనులో దిగేవాళ్లు తక్కువ. పొద్దున పాసింజరు బండి నన్నూ, మరో ఇద్దరు ముగ్గురినీ దింపేసి, పొగ మా మొహాన కొట్టి, లింగంపల్లి వైపు వెళ్లిపోయేది. అక్కడి నుంచి బండరాళ్ల మధ్య రెండు ఫర్లాంగుల దూరం నడిస్తే మా బడి. ఏనుగుల్లా పడుకున్న ఆ బండల మీద మేకలు, వాటి వెనక మేకలు కాసేవాళ్లు తప్ప మరెవరూ కనిపించేవారు కాదు. ఆ దారిలో ఇవాళ అద్దాల మేడల్లో కూర్చుని కుర్రకారు ప్రపంచంలోని అన్ని బజార్ల లెక్కలూ చూస్తున్నారు గానీ, అక్కడ మొదటి షేర్ బజారు పెట్టింది మేమే. డెబ్భై మూడులో. చింతగింజలతో.

దానికి కారణం మా హెడ్‌మాస్టరు. పిల్లలు ఆయన్ని పెద్దసారు అనేవారు. పొట్టి మనిషి. ఎండాకాలంలో కూడా షేర్వాణీ గుండీ విప్పేవారు కాదు. ఉర్దూలో చదువుకుని లెక్కలు తెలుగులో చెప్పేవారు. ప్రతి ఏడూ వార్షికోత్సవానికి ఆ బడిలో పౌరాణిక నాటకం వేయడం ఆనవాయితీ. కిందటి ఏడు రాజు వేషం వేసినవాడు అరువు సింహాసనం మీద కూర్చోగానే అది విరిగి, రాజూ మంత్రీ కలిసి ఇన్‌స్పెక్టరు గారి ఒళ్లో పడ్డారట. ఆయన దుమ్ము దులుపుకుంటూ, వచ్చేసారి ఏదైనా కొత్తది, లోకజ్ఞానం కలిగించేది వేయండి అని చెప్పి వెళ్లిపోయారట.

"లోకజ్ఞానం అంటే సోషల్ కద టీచరమ్మా. నువ్వే ఏదన్న జెయ్యాలె," అన్నారు పెద్దసారు నాతో.

అప్పటికి నేను ఆ బడిలో చేరి ఏడాది కాలేదు. పదో తరగతి సోషల్ పుస్తకంలో లండన్ గురించి ఒక పాఠం ఉండేది. అందులో షేర్ బజారు గురించి అరపేజీ. అది చెబుతున్నప్పుడే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. ఆ పిల్ల తండ్రి మేకల బేరగాడు. ఊరూరా తిరిగి మేకలు కొని సంతల్లో అమ్మేవాడు. పిల్ల గొంతు మేకల్ని ఈ బండ మీది నుంచి ఆ బండకు పిలిచి పిలిచి రాటుదేలిన గొంతు. మామూలుగా మాట్లాడినా పక్క క్లాసువాళ్లు పాఠం ఆపేసేవారు.

"టీచర్, బజారంటున్నరు. అండ్ల ఏం అమ్ముతరు?"

"కంపెనీల వాటాలు."

"కంపెనీలను ఆడికి తోల్కొస్తరా?"

"తీసుకురారు. ఉన్నచోటే ఉంటాయి."

"మరి చూడకుండనే కొంటరా? మా నాయిన మేక నడుం పట్టి చూడంది పైస ఇయ్యడు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లో, బేగంపేటలో, రేడియో పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

మా నాన్న కాకినాడలో ఒక ఇంగ్లీషువాళ్ల వర్తక సంస్థలో గుమాస్తాగా ఉద్యోగం మొదలెట్టి, గుమాస్తాగానే ముగించారు. నాకు ఉద్యోగం రాగానే అమ్మను, రేడియోను వెంటబెట్టుకుని నాతో వచ్చేశారు. ఆ సంస్థ వాటాలు లండన్‌లో చేతులు మారేవి. ఏ రోజు ధర ఎంతో తంతి వస్తే దాన్ని దొర బల్ల మీద పెట్టడం నాన్న పని. అలా పెట్టీ పెట్టీ, ఎన్నడూ చూడని లండన్ బజారు మీద ఆయనకు అత్తవారి ఊరంత మమకారం పుట్టింది. నేను ఆ పిల్ల ప్రశ్న చెప్పేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అసలు అది కాఫీ కొట్లో పుట్టిందే అమ్మాయ్! వర్తకులంతా కాఫీ తాగుతూ వాటాలు బేరమాడేవారు. అందుకే ఇప్పటికీ ఆ బజారులో ఉద్యోగుల్ని వెయిటర్లంటారు. ధర చెప్పేవాళ్లు వేరు, కొనిపెట్టేవాళ్లు వేరు. కొనిపెట్టేవాడు వచ్చి, ఎంత అని అడుగుతాడు. కొంటాడో అమ్ముతాడో చెప్పడు. ధర చెప్పేవాడు రెండు ధరలు చెప్పాలి, ఇంతకు కొంటాను, ఇంతకు అమ్ముతానని. అప్పుడు మోసానికి చోటేది? కాగితం లేదు, సంతకం లేదు. నోటిమాటే పత్రం. మాట తప్పితే సుత్తితో బల్ల మీద కొట్టి, వాడి పేరు అందరి ముందూ చదువుతారు. ఇక వాడి బతుకు అంతే."

"బయటివాళ్లెవరైనా వెళ్లి చూడొచ్చా?" అని అడిగాను.

"అమ్మో! పూర్వం ఎప్పుడో సభ్యులు పదమూడు వందల తొంభై తొమ్మిది మందయి చాలాకాలం అక్కడే ఆగిపోయారట. కొత్త మొహం కనబడితే 'పద్నాలుగు వందలు' అని ఒకడు అరుస్తాడు. అంతే, అందరూ వచ్చి చుట్టుముట్టి, టోపీ ఎగరగొట్టి, బయటికి నెట్టేస్తారు."

ఇదంతా బాగానే ఉంది, మా పిల్లలకు దీంతో ఏం సంబంధం అన్నాను. నాన్న నన్ను జాలిగా చూశారు.

"నువ్వు రోజూ ఎక్కే రైలు ఎవరి డబ్బుతో నడిచిందనుకున్నావే? నిజాం కాలంలో ఈ రైలు నడపడానికి లండన్‌లో కంపెనీ పెట్టి, ఆ బజారులోనే వాటాలు అమ్మారు. లాభం వచ్చినా రాకపోయినా వడ్డీకి నిజాం సర్కారు పూచీ. ఇంగ్లండులో ఏ ముసలమ్మో పెట్టెలో దాచుకున్న పొదుపు తెచ్చి హఫీజ్‌పేట పట్టాల్లో పెట్టింది. ఆవిడకు హఫీజ్‌పేట ఎక్కడుందో తెలియదు. హఫీజ్‌పేటకు ఆవిడ తెలియదు. ఇద్దరినీ కలిపిందేమిటి? ఆ బజారు!"

నాన్న ఆ ముసలమ్మ గురించి చెబుతుంటే ఆవిడ మా మేనత్తేమో అనిపించింది.

మర్నాడు ఈ సంగతి క్లాసులో చెప్పాను. మేకల బేరగాడి కూతురు మళ్లీ లేచింది.

"మన హఫీజ్‌పేట పట్టాలను లండన్ల అమ్మిన్రా? ఎవలనడిగి?"

స్టాఫు గదిలో పెద్దసారు ఇంకా ఎక్కువ నొచ్చుకున్నారు. ఆయన మేనమామ ఆ రైల్లో గార్డుగా చేశారట. "అవి మా నిజాం హుజూర్ పట్టాలమ్మా," అన్నారు. కాసేపు షేర్వాణీ అంచు సవరించుకుని, "తర్వాత సర్కారు మళ్ల కొన్నది కద. అది గుడ నాటకంల చెప్పాలె. చెప్తేనే చేద్దాం," అన్నారు.

అలా నాటకం ఖాయమైంది. బడి వెనక ఒక పరుపు బండ ఉండేది, వంద మంది నిలబడేంత విశాలంగా. అదే లండన్ బజారు. కుర్చీలు లేవు, అక్కడా లేవట. అట్టలతో పొడుగు టోపీలు చేసి నల్లసిరా పూశాం. సుత్తి, గంట బడివే. గంటంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. డబ్బుకు బదులు చింతగింజలు. అది చింతపండు కొట్టే కాలం, ప్రతి ఇంట్లోనూ గంపలకొద్దీ గింజలుండేవి. ఆకుపచ్చ కాగితం ముక్కలు రైలు వాటాలు.

పెద్దసారు పాత్రలు పంచారు. మగపిల్లలు ధర చెప్పేవాళ్లు, కొనిపెట్టేవాళ్లు, వెయిటర్లు. ఆడపిల్లలు ప్రార్థన పాట.

మేకల బేరగాడి కూతురికి మండిపోయింది. "గా పిలగాండ్ల గొంతు పక్క బండకు గుడ ఇనరాదు సార్. నేను జేస్త."

"లండన్ల ఆడోళ్లను లోపలికి రానియ్యరు బిడ్డా. టీచరమ్మ వాళ్ల నాయిననే చెప్పిండ్రు. ఉన్నది ఉన్నట్టు చెయ్యాలె కద," అన్నారు పెద్దసారు.

అది నిజమే. నాన్న ఆ సంగతి కూడా చెప్పారు, నేనే వచ్చి వాగాను. ఆ పిల్ల నా వంక ఒక చూపు చూసి, ప్రార్థన పాటకు రానని చెప్పేసింది. మరుసటి రోజు నుంచి రిహార్సల్ జరుగుతుంటే పక్క బండ మీద కూర్చునేది. బండ మీద అబ్బాయి సన్నగా ధర చెప్పగానే, "గట్టిగ చెప్పు రా, లండన్ల చెవిటోళ్లుంటరు!" అని అరిచేది. అమ్మబోయి కొన్నవాణ్ణి తిట్టేది. చివరికి అబ్బాయిలు ధర చెప్పేముందు ఆ పిల్ల వైపు చూడటం మొదలుపెట్టారు.

వారం పది రోజులు ఇలా నడిచింది. ఒక సాయంత్రం మేం భోజనాలకు కూర్చున్నాం. నాన్న ఎప్పటిలాగే కంచం రేడియో దగ్గరికి తీసుకెళ్లారు. ఉన్నట్టుండి పెద్ద కేక.

"అమ్మాయ్! వచ్చేశారే!"

"ఎవరొచ్చారు నాన్నా?"

"ఆడవాళ్లు! లండన్ బజారు లోపలికి! ఈవేళే అడుగుపెట్టారట!"

వంటింట్లోంచి అమ్మ, "ఇన్నాళ్లూ మరి కూరగాయలు ఎవరు తెచ్చుకునేవారండీ?" అంది.

మర్నాడు బడికి నడవలేదు, పరిగెత్తాను. పెద్దసారు వెంటనే నమ్మలేదు. "ఖబర్ పక్కానా?" అని రెండుసార్లు అడిగి, స్టేషను దగ్గర ఛాయ్ హోటలుకు స్వయంగా వెళ్లి, అక్కడి ఉర్దూ పత్రికలో చిన్న ముక్క చదువుకుని వచ్చారు. వచ్చి పరుపు బండ దగ్గర నిలబడి, "ఇగ లండనే ఒప్పుకున్నంక మనమెవలం?" అన్నారు. పక్క బండ మీది నుంచి ఆ పిల్ల ఎప్పుడు దిగిందో, ఎప్పుడు టోపీ పెట్టుకుందో నేను చూడలేదు. చూసేసరికి ధర అరుస్తోంది.

నాటకం అప్పటి నుంచి నాటకంలా లేదు. నేను ఒక నియమం పెట్టాను. బజారు వార్తల మీద నడుస్తుంది కదా, మనకు వార్త అంటే సాయంత్రం బండి. వేళకు వస్తే రైలు వాటా ధర పెరుగుతుంది, ఆలస్యమైతే తగ్గుతుంది. నేను ఇంటికి వెళ్లేదీ ఆ బండిలోనే, కాబట్టి రిహార్సల్ అది లింగంపల్లిలో వేసే కూత వినబడేదాకా సాగేది. పిల్లలు చెవులు రిక్కించి, వస్తుందో రాదో ఊహించి, కొనడమో అమ్మడమో చేసేవారు. నేను చెప్పలేని పాఠం ఆ రైలే చెప్పేది.

ఒక రోజు ఇంజను ఎక్కడో చెడిపోయి బండి ఎంతకీ రాలేదు. మొదట ఒకరిద్దరు అమ్మారు. వాళ్లను చూసి నలుగురు. తర్వాత బండ మీద అందరూ అమ్మేవాళ్లే. ఆకుపచ్చ కాగితాలు గాలిలో ఊపుతూ, ధర సగానికి, పావుకి దింపుకుంటూ అరుస్తున్నారు. కొనేవాడు లేడు. ఒక అబ్బాయి, చింతగింజలే అయినా, నిజంగా ఏడ్చాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఇది ఆట రా అన్నాను. "ఎర్కే టీచర్. గని అందరు ఉరుకుతుంటే భయమైతది," అన్నాడు. అప్పుడు ఎవరూ వద్దనుకున్న కాగితాలన్నీ నిదానంగా ఏరుకుంటున్నది ఒక్కర్తే. మేకల బేరగాడి కూతురు.

రానురాను గింజలన్నీ ఆ పిల్ల ఓణీ చెంగులోకే చేరడం మొదలైంది. బండి వస్తుందనగా కొంటుంది, రాదనగా అమ్ముతుంది. ఒక్క రోజూ తప్పదు. మగపిల్లలు "తొండి, తొండి" అని నా దగ్గరికి వచ్చారు. ఏం తొండో చెప్పలేకపోయారు. నేను గమనించాను. ధర చెప్పేముందు ఆ పిల్ల కళ్లు ఒక్కసారి దూరంగా, అన్నిటికంటే ఎత్తయిన బండ మీదికి వెళ్తున్నాయి. ఆ బండ మీద వాళ్ల నాయనమ్మ మేకలు కాస్తోంది. ముసలమ్మ ఒక్కోరోజు కూర్చుని ఉంటుంది, ఒక్కోరోజు నిలబడి ఉంటుంది. ఆ ఎత్తు నుంచి లింగంపల్లి అవతల పొగ కనబడుతుంది. పొగ కనబడితే ముసలమ్మ నిలబడాలి. అదీ ఏర్పాటు.

నాకు నవ్వు ఆగలేదు, కానీ టీచర్ని కదా. దీనికి తీర్పు చెప్పగలవారు నాన్నే అనుకుని మర్నాడు ఆయన్ని వెంట తీసుకెళ్లాను. ఆయన పంచె మీద కోటు వేసుకుని, నిజంగా లండన్ వెళ్తున్నట్టే వచ్చారు. పిల్లలంతా చుట్టూ కూర్చున్నారు. అబ్బాయిలు ఫిర్యాదు చెప్పారు.

"తాతా, నువ్వే చెప్పు. లండన్ల గిట్ల జేస్తె తప్పంటరా?" అని ఆ పిల్ల నిలదీసింది.

నాన్న గొంతు సవరించుకున్నారు. "తప్పు అనరమ్మా. అలాంటి చట్టం అక్కడేమీ లేదు. కాస్త నొసలు చిట్లిస్తారు. తర్వాత క్లబ్బులో అదే మనిషి పక్కన కూర్చుని భోంచేస్తారు."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. పెద్దసారు మాత్రం అంగీకరించలేదు.

"లండన్ల తప్పు గాకుంటె గాకపాయె. నా బడిల తప్పే. ముసలమ్మకు కనపడ్డది అందరికి కనపడాలె. ఇయ్యాల్టి సంది ఆమె అందరు ఇనేటట్టు చెప్పాలె."

మరి ఆ మాట ముసలమ్మకు చెప్పడానికి నేను, నాన్న, ఆ పిల్ల బండ ఎక్కాం. ముసలమ్మ అంతా విని, "నౌకరీ ఇస్తున్రా?" అంది. ఇస్తున్నామన్నారు నాన్న. ఆ రోజు నుంచి సాయంత్రం పొగ కనబడగానే ఆ బండ మీది నుంచి "బండొస్తుంది రో!" అన్న కేక బడికీ, ఊరికీ, స్టేషనుకూ వినబడేది. ఆ గొంతు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అర్థమైంది. స్టేషను మాస్టరు కూడా ఆ కేక విని టోపీ పెట్టుకునేవాడని చెప్పుకునేవారు.

వార్షికోత్సవం ఎండాకాలం సెలవులకు ముందు జరిగింది. పరుపు బండ మీద షామియానా కట్టాం. ఊరంతా వచ్చింది. మేకల బేరగాడు ముందు వరసలో తలపాగా బిగించి కూర్చున్నాడు, కూతురి బేరం ఎలా ఉంటుందో చూడాలని. ఇన్‌స్పెక్టరు గారు జీపులో వస్తారని పెద్దసారు పూలదండతో రోడ్డు వైపు నిలబడ్డారు. చాలాసేపు చూశారు. జీపు రాలేదు. పిల్లలు ఆగలేకపోతున్నారు, మొదలుపెట్టెయ్యమని నాకు చేయి ఊపారు.

అసలు సంగతి, జీపు దారిలో ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు గారు రైలెక్కి, స్టేషనులో దిగి, ఎండలో ఒంటరిగా నడిచి, ఎప్పుడూ జీపులోనే వచ్చిన మనిషి కనుక కాలిదారి తెలియక వెనక వైపు బండల మధ్య నుంచి వచ్చారు. మనిషి దుమ్ముకొట్టుకుని ఉన్నాడు, నెత్తిన ఎండకు పెట్టుకునే తెల్ల టోపీ. ఎదురుగా బండ మీద నలభై మంది పిల్లలు పొడుగు టోపీలతో, గొంతులు చించుకుని ధరలు అరుస్తున్నారు. ఆయన ఆశ్చర్యంతో సరాసరి బండ మధ్యలోకి నడిచివచ్చారు.

వెయిటరు వేషం వేసిన అబ్బాయి ఆ ఏడే బడిలో చేరినవాడు, ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. కొత్త మొహం. నాన్న చెప్పిన కథ వాడికి బాగా గుర్తుంది.

"పద్నాలుగు వందలు!"

అంతే. నలభై గొంతులు ఒక్కసారి, "పద్నాలుగు వందలు! పద్నాలుగు వందలు!" పిల్లలు ఆయన్ని చుట్టుముట్టారు. ఎవరో టోపీ ఎగరగొట్టారు. అది షామియానా దాకా ఎగిరి ముందు వరసలో పడింది. జనం ఇది నాటకంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. రోడ్డు వైపు నుంచి పెద్దసారు దండతో పరిగెత్తుకొచ్చి, జరిగింది చూసి, అక్కడే కొయ్యబారిపోయారు.

ఇన్‌స్పెక్టరు గారు రెండు చేతులూ పైకెత్తారు. "తెలుసండీ, తెలుసు! బడి కప్పు మరమ్మతు సంగతేగా? ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. పద్నాలుగు వందలో, ఎంతో, నాకు గుర్తులేదు. దానికి పిల్లల చేత ఇలా అరిపించాలా హెడ్‌మాస్టరు గారూ? నేను మంజూరు చేయనన్నానా? వానలు పడేలోపు చేయించేస్తాను, సరేనా!"

వానాకాలంలో మా తరగతుల్లో గొడుగులు వేసుకుని పాఠాలు చెప్పేవాళ్లం. ఆ కప్పు కోసం పెద్దసారు అప్పటికి ఎన్నిసార్లు తిరిగారో ఆయనకే తెలియదు. ఇది అది కాదండీ అని చెప్పడానికి నేను ఒక అడుగు ముందుకు వేశాను. పెద్దసారు పెదవులు కదలకుండా, "జర ఊకోరాదమ్మా," అన్నారు.

అప్పుడు మేకల బేరగాడి కూతురు టోపీ సర్దుకుని ముందుకొచ్చింది.

"మాట ఇచ్చినట్టేనా సార్?"

"ఇచ్చానమ్మా, ఇచ్చాను."

"గీ బజార్ల నోటి మాటనే పత్రం సార్. ఎన్కకు తీస్కుంటె గంట కొట్టి పేరు చదువుతరు."

"ఎవరు కొడతారు?" అన్నారాయన.

"పెద్దసార్ కొడ్తడు."

జనమంతా పెద్దసారు వైపు తిరిగారు. పాపం, ఆయన చేతిలో అప్పుడు నిజంగానే సుత్తి ఉంది, ఇన్‌స్పెక్టరు గారు రాగానే గంట కొట్టాలని తెచ్చుకున్నారు. దండను ముందుకు చాపి సుత్తిని వెనక్కి దాచుకున్నారు. ముందుగా నవ్వింది మేకల బేరగాడు. తర్వాత ఊరంతా. ఇన్‌స్పెక్టరు గారు కూడా నవ్వి, దండ వేయించుకుని, తను కూడా ఒక గుప్పెడు చింతగింజలు అడిగి పుచ్చుకుని, రైలు వాటాలు కొన్నారు. ఆ రోజు బండి ఆలస్యం. గింజలన్నీ పోగొట్టుకున్నారు.

సాయంత్రం అదే బండిలో ఆయనా నేనూ నగరానికి వచ్చాం. దారంతా నా మనసు ఊరుకోలేదు. సనత్‌నగర్ దాటాక ధైర్యం చేసి పద్నాలుగు వందల కథ చెప్పేశాను. ఆయన భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వారు.

"ఇప్పుడు తెలిసింది కదాని మాట మార్చుకోమంటారా అండీ? ఆ పిల్ల మా ఆఫీసు దాకా వచ్చి గంట కొడుతుంది," అన్నారు.

అడిగినంతా రాలేదు. వానలు పడేలోపూ రాలేదు, మొదటి జల్లు పడ్డ తర్వాత వచ్చింది. అయినా పెంకులు వచ్చాయి, వాటిని నేసేవాళ్లు వచ్చారు. పెద్దసారు కప్పు కింద నిలబడి పైకి చూస్తూ, "లండన్ కా ఏహసాన్, లండన్ పుణ్యమమ్మా," అనేవారు.

మరుసటి ఏడు లండన్ బజారు ఘోరంగా కుప్పకూలింది. నాన్న రోజూ రేడియో దగ్గర కూర్చుని, మంచం పట్టిన బంధువు సంగతి విన్నట్టు వినేవారు. అన్నం సయించేది కాదు. అమ్మ చారు కాచి పెట్టేది. నేను బడిలో అడుగుపెట్టగానే పెద్దసారు మొదట అడిగేది, "లండన్ తబియత్ ఎట్లున్నదమ్మా?" అని. ఒక రోజు కాస్త కోలుకుందని చెప్పాను. స్టాఫు అందరికీ ఛాయ్ తెప్పించారు. మాలో ఎవరికీ అక్కడ ఒక్క వాటా కూడా లేదు.

ఆ పిల్ల పది పాసయ్యాక నార్సింగికి కోడలై వెళ్లింది. అత్తవారిదీ మేకల వ్యాపారమే. నాలుగైదేళ్ల తర్వాత ఒక రోజు స్టేషనులో కనబడి, "మా సంతకు రా టీచర్. తాతను గుడ తోల్కరా," అంది. పిలిచింది కదా అని ఒక సెలవు రోజు నాన్నను తీసుకుని వెళ్లాను. నార్సింగి సంత అంటే పశువులు, మేకలు, దుమ్ము, కేకలు. దుమ్ము మధ్యలో మగవాళ్ల గుంపులో, తలకు గుడ్డ కట్టుకుని, చేతిలో కర్రతో ఆ పిల్ల. అక్కడ బేరమాడే ఆడమనిషి తనొక్కతే. మొదట్లో మామ వద్దన్నాడట. "లండన్లనే ఒప్పుకున్నరు మామా, పేపర్ల వచ్చింది," అని చెప్పిందట. మామ ఆ సంగతి ఎవరినీ అడిగి తెలుసుకోలేదు, సరేనన్నాడట.

ఆ సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువాలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. నాన్న అది చూసి చిన్నపిల్లాడైపోయారు.

"నాకూ చూపించమ్మా," అన్నారు.

"చెయ్యి ఇయ్యి తాతా," అని తువాలు కప్పింది. చుట్టూ జనం మూగారు. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. నాన్న మొహం మాత్రం వెలిగిపోతోంది. తల ఊపుతున్నారు, నవ్వుతున్నారు, మళ్లీ తల ఊపుతున్నారు. ఇంతలో ఆ పిల్ల తువాలు తీసేసి పకపకా నవ్వింది.

"ఐపాయె. మేకను కొన్నవ్ తాతా."

"ఏ మేకను?"

"అగో, గా నల్లదాన్ని. నడుం గుడ చూడకపోతివి."

ఆటకే చేశాను, ఫికర్ పడకు, వదిలెయ్యమంది. నాన్న వదల్లేదు. వెన్ను నిటారుగా పెట్టి, కోటు లోపలి జేబులోంచి పర్సు తీశారు. ఇంతమంది చూశారు, వద్దనడమేమిటన్నారు. చాలీచాలని దానికి నా సంచీలోంచి కలిపాను. మేకను బస్సెక్కించనివ్వలేదు. నగరానికి గడ్డి మోపులు తీసుకెళ్తున్న లారీవాడు మమ్మల్ని ముగ్గురినీ ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా మేక వాడి సరుకు తింటూనే ఉంది.

బేగంపేటలో ఇంటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. మేకను చూసింది, నాన్నను చూసింది, కోటు మీది గడ్డి చూసింది.

"జీవితమంతా బజారు, బజారు అని రేడియోకు చెవి ఆనించి, చివరికి మీరు కొన్నది ఇదా?"

"మంచి జాతి అన్నారే," అన్నారు నాన్న మెల్లగా.

నాలుగు రోజుల్లో తిరిగి పంపించెయ్యమంది అమ్మ. ఆ నాలుగు రోజుల్లో అది ఇంటివాళ్ల మల్లెతీగ తినేసింది, నా చీర అంచు నమిలింది, అమ్మ వెంట వంటింటి దాకా వెళ్లి తవుడు అడగడం నేర్చుకుంది. ఐదో రోజు ఆ పిల్ల భర్త దాన్ని తీసుకెళ్లడానికి వచ్చాడు. కొన్న ధర కంటే ఎక్కువే ఇస్తామని చెప్పమందట, చూలుతో ఉన్నదని తర్వాత తెలిసిందట. నాన్న లాభం లెక్కలో పడి ఉబ్బిపోయారు, తాడు విప్పబోయారు. అమ్మ కొంగు బిగించి ఆ తాటికి అడ్డం నిలబడింది.

"చూలుదాన్ని అమ్ముతారా ఎవరైనా? కూర్చో నాయనా, కాఫీ తాగి వెళ్లు," అంది.